హెన్రీ జేమ్సు: చిత్రకళయు కథాదృష్టియు

ఒక వీధిలో జరిగిన సంగతిని పదిమంది చూచిరేని పది విధములుగ చెప్పుదురు. అరుగుమీద కూర్చున్న వృద్ధునకు కనబడినది కిటికీనుండి తొంగిచూచిన బాలికకు కనబడదు. బాలికకు కనబడినది దారిన పోవు బాటసారి యెఱుగడు. వీరిలో అబద్ధమాడినవారు ఒక్కరును లేరు. ఐనను ఏ యొక్కరి మాటయు సంపూర్ణసత్యము కాదు. ఈ విషయము మనకందఱకును తెలిసినదే. కాని దీనినే ఆధారముగ గొని నవలారచనకు క్రొత్త మార్గమును ఏర్పఱచినవాడు, అమెరికాలో జన్మించి ఇంగ్లండున కన్నుమూసిన హెన్రీ జేమ్సు. ఆతడు బాల్యమున కుంచెను పట్టబోయి, అది తన చేతికి లొంగదని తెలిసికొని, కలమును పట్టెను. ఐనను చిత్రశాలలో అలవడిన చూపును జీవితాంతమువఱకు విడువలేదు. ఆ చూపు ఆతనికి ఏమి యిచ్చినదో, దానికై ఆతడు ఏమి చెల్లించినాడో ఆతని చరిత్రమే చెప్పగలదు.

హెన్రీ జేమ్సు 1843వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. ఆతని పితామహుడు ఐర్లండునుండి వలసవచ్చి, ఆల్బనీ పట్టణమున వర్తకము చేసి విశేషధనము గడించినవాడు. తండ్రి పేరును హెన్రీ జేమ్సే. ఆ తండ్రి చిన్నతనమున ఒక కొట్టమునకు అంటుకొన్న నిప్పును ఆర్పబోయి కాలు కాల్చుకొని, తుదకు దానిని పోగొట్టుకొనెను. ధనమునకు లోటు లేకుండుటచే ఏ యుద్యోగమును చేయక, తత్త్వవిచారమునందును గ్రంథరచనయందును కాలము గడపెను. ఆయన సంతానము ఐదుగురు. పెద్దవాడగు విలియం తరువాతికాలమున మనశ్శాస్త్రమున జగద్విఖ్యాతి గాంచెను. రెండవవాడు మన కథానాయకుడు. వీరి తరువాత విల్కిన్సను, రాబర్ట్‌సను అను తమ్ములును, ఆలీసు అను చెల్లెలును కలరు.

పిల్లలందఱును ఒకే బడికి పోయి ఒకే పద్ధతిని చదువుట ఆ తండ్రికి సరిపడలేదు. కావున 1855 మొదలు 1860 వఱకు, నడుమ కొంతకాలము స్వదేశమున నివసించినను, జెనీవా, లండను, పారిసు, బులోన్, బాన్ మున్నగు పట్టణములకు కుటుంబమును త్రిప్పుచుండెను. బడులు మాఱెను, ఉపాధ్యాయులు మాఱిరి, పాఠములు చెప్పు భాషలును మాఱెను. క్రమశిక్షణకు అలవాటుపడిన ఉపాధ్యాయులు దీనిని చదువని ఒప్పుకొనరు. జెనీవాలో శాస్త్రవిద్యలు నేర్పు ఒక పాఠశాలలో చేర్పింపగా, గణితము హెన్రీకి కొఱుకుడుపడలేదు. కాని చిత్రశాలలును నాటకశాలలును ఆతనికి పాఠశాలలయ్యెను. బాలుడు మితభాషి. ఆటలలో ముందునకు ఉఱుకువాడు కాడు. ఒక ప్రక్కన నిలిచి, జరుగుచున్నదానిని రెప్పవాల్చక చూచుచుండువాడు.

పారిసు నగరమందలి లూవ్రు రాజభవనమున అపోలో మందిరమను దీర్ఘమైన శాల కలదు. బంగారుపూతతోను చిత్రములతోను ధగధగలాడు ఆ శాలలో నడచుచు, కళ యననేమో కీర్తి యననేమో హెన్రీ మొట్టమొదట గ్రహించెను. పెక్కేండ్లు గడచిన పిమ్మట ఆతనికి ఒక కల వచ్చెను. ఏదో భయంకరాకారము తలుపు త్రోసికొని తనపైకి రాబోవుచుండగా, తాను వెనుదీయక ఆ తలుపును తానే తెఱచి దానిని తఱుముకొని పోయెనట. ఉఱుములు మెఱుపుల నడుమ ఆ యాకారము పారిపోయిన చోటు ఏదని చూడగా అది తాను బాల్యమున నడచిన అపోలో మందిరమే. ఈ స్వప్నవృత్తాంతమును ఆతడు 1913లో ప్రకటించిన స్వీయచరిత్రమున వర్ణించియున్నాడు. ఆ శాల ఆతని తుదిదినములందు మరల ఒకసారి మనకు కనబడును.

1860లో కుటుంబము అమెరికాకు తిరిగివచ్చి న్యూపోర్టు పట్టణమున నివసింపసాగెను. అన్న విలియం చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొని, విలియం మోరిస్ హంటు అను చిత్రకారునికి శిష్యుడయ్యెను. తమ్ముడును వెంటబోయి, ఒక మూల కూర్చుండి, మూసపోసిన బొమ్మలను చూచి గీయుచుండెను. ఒకనాడు ఆతడు లోపలి గదిలోనికి అడుగుపెట్టగా, తమ బంధువైన యువకుడొకడు పీఠముపై కదలక నిలిచియుండెను. అన్న ఏ తడబాటును లేక ఆ రూపమును కాగితముపై దించుచుండెను. ఆ రేఖలను చూచినంతనే హెన్రీ తనకట్టి శక్తి లేదని తెలిసికొని, పెన్సిలును జేబులో వేసికొనెను. చిత్రలేఖనాభ్యాసము దానితో ముగిసెను. విచిత్రమేమన, ఆ యన్నయు 1861లోనే చిత్రకళను విడిచి శాస్త్రాధ్యయనమునకు పోయెను.

ఆ చిత్రశాలలోనే జాన్ లా ఫార్జి అను యువచిత్రకారుడు హెన్రీకి మిత్రుడయ్యెను. ఆతడు ఫ్రెంచి నవలాకారుడైన బాల్జాకు గ్రంథములను హెన్రీచేత చదివించి, రచనకు పురికొల్పెను. చిత్రకారునకు ఉండవలసిన కన్ను రచయితకును ఉండవచ్చునని, కుంచె చేతికి రాకున్నను చూపు వ్యర్థము కాదని హెన్రీకి ఆ స్నేహమువలన బోధపడెను.

ఇంతలో 1861లో అమెరికా అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. తమ్ములిద్దఱును సేనలో చేరిరి. విల్కిన్సను నల్లజాతివారితో కూడిన 54వ మసాచుసెట్సు దళమున అధికారిగ నుండి, 1863లో వాగ్నరు కోటపై జరిగిన దాడిలో తీవ్రముగ గాయపడెను. హెన్రీ మాత్రము న్యూపోర్టులో ఒక మంటను ఆర్పుటకు తోడ్పడునపుడు నడుమునకు కలిగిన నొప్పిచే యుద్ధమునకు పోలేదు. హార్వర్డులో న్యాయశాస్త్రము చదువుటకు చేరెను గాని దానిని కొనసాగింపలేదు. తనయీడు యువకులు ప్రాణములొడ్డుచుండగా తాను దూరమున నిలిచి చూచినవాడనను భావము ఆతని మనస్సున నాటుకొనెను. కుంచెను పట్టలేక చూపరి యైనవాడు ఖడ్గమును పట్టలేకయు చూపరియే యయ్యెను. చూచువానికి చేయువానితో సమానమైన విలువ కలదా? ఈ ప్రశ్న ఆతని నవలలన్నిటి అడుగునను ప్రవహించుచున్నది.

1864లో ఆతని మొదటి కథ పేరు లేకుండ వెలువడెను. మఱుసటి సంవత్సరము అట్లాంటిక్ మంత్లీ అను ప్రసిద్ధపత్రికలో కథ ప్రకటితమయ్యెను. ఆ పత్రికలో పనిచేసిన విలియం డీన్ హోవెల్సు ఆతనికి జీవితాంతము మిత్రుడును ప్రోత్సాహకుడునై యుండెను. 1869లో హెన్రీ ఒంటరిగ ఐరోపాకు పోయి, ఇటలీ దేశమున కాలినడకను తిరిగి, దేవాలయములందలి చిత్రములను చూచెను. వెనిసు నగరమున టింటొరెట్టో చిత్రములు ఆతనిని ముగ్ధుని చేసెను. 1870లో ఆతడు ఇంగ్లండున నుండగా, తన మేనత్త కుమార్తె మిన్నీ టెంపిలు క్షయరోగముచే 24 ఏండ్ల ప్రాయమున మరణించినట్లు వార్త వచ్చెను. ఆమె ఉల్లాసవతి, జీవితముపై అమితమైన ఆశ కలది, ఐరోపాను చూడవలెనని కోరి చూడలేకపోయినది. హెన్రీ ఆమెను మఱువలేదు. ఆతని రెండు గొప్పనవలల నాయికలలో ఆమె ఛాయ కనబడుచున్నది.

చిత్రకారులును శిల్పులును ఆతని తొలికథలలోనే పాత్రలైరి. 1873లో వెలువడిన ఒక కథలో ఫ్లోరెన్సు నగరవాసియైన థియొబాల్డు అను చిత్రకారుడు కలడు. కన్యమరియమ్మ చిత్రములన్నిటిని మించిన చిత్రమును వ్రాయవలెనని ఆతని సంకల్పము. దానికై ఇరువదియేండ్లు ధ్యానించుచు, చర్చించుచు, సిద్ధపడుచు కాలము గడపెను. ఆదర్శముగ నెంచిన స్త్రీ ఈలోపల యౌవనము జాఱి స్థూలకాయ యయ్యెను. ఆ సంగతి ఒక పరదేశి నోట వినువఱకు చిత్రకారుడు గమనింపలేదు. అంతట గుండె పగిలి మరణించెను. ఆతని గదిలో మిగిలినది కాలగతిని రంగుమాసిన ఖాళీగుడ్డ. చూచుచు కూర్చుండుటలోని ప్రమాదమును ముప్పది యేండ్ల ప్రాయముననే జేమ్సు ఇంత స్పష్టముగ నెఱిగియుండెను. అందువలననే కాబోలు, ఆతడు తన జీవితమున ఒక్క దినమైనను బల్లకు దూరముగ నుండుటకు ఇష్టపడలేదు.

1875లో రోడెరిక్ హడ్సన్ అను నవల పత్రికలో ప్రకటితమయ్యెను. అమెరికాలోని చిన్న పట్టణమున నున్న యువశిల్పి యొకనిలో ప్రతిభను గుర్తించి, రోలండు మాలెట్ అను ధనికుడు అతనిని రోము నగరమునకు కొనిపోవును. శిల్పి మొదట విజయము గాంచి, పిదప వ్యామోహమున చిక్కి, తుదకు ఆల్ప్సు పర్వతములలో మరణించును. కథ శిల్పిది, కాని మనము దానిని చూచుట రోలండు కన్నులతో. పతనమగుచున్న మిత్రుని చూచి ఏమి చేయవలయునో తెలియక తపించు రోలండు హృదయమే ఆ నవలకు కేంద్రము. జేమ్సు తన పద్ధతికి ఇచ్చట పునాది వేసెను.

ఆ సంవత్సరముననే ఆతడు పారిసున నివాసమేర్పఱచుకొని, తుర్గేనీవు, ఫ్లోబేరు, జోలా, డోడే, మొపాసా మున్నగు రచయితలను కలిసికొనెను. 1876లో లండనునకు మాఱి, అటుపై ఇంగ్లండునే నివాసము చేసికొనెను. 1878లో వచ్చిన డెయిసీ మిల్లరు అను చిన్ననవల ఆతనిపేరును రెండు ఖండములందును ప్రసిద్ధము చేసెను. ఐరోపా మర్యాదలెఱుగని అమెరికా బాలికను, ఆమె గుణమును నిర్ణయింపజాలక తికమకపడు యువకుని కన్నులతో అందు చూపినాడు. బాలిక మరణించిన పిమ్మటగాని ఆమె నిర్దోషి యని అతడు గ్రహింపడు.

1881లో ఒక వనిత చిత్తరువు అను అర్థము వచ్చు పేరుతో ది పోర్ట్రెయిట్ ఆఫ్ ఏ లేడీ అను నవల గ్రంథరూపమున వెలువడెను. నాయిక ఇసబెల్ ఆర్చరు స్వతంత్రభావములు కల అమెరికా యువతి. అనుకొనని విధముగ ఆమెకు పెద్ద ఆస్తి కలిసివచ్చును. ఎందఱో యోగ్యులు కోరినను కాదని, గిల్బర్టు ఆస్మండు అను కళాభిమానిని వివాహమాడును. ఆతని గృహము అందమైన వస్తువులతో నిండియుండును. ఆతని మాటలు సంస్కారవంతములు. కాని భార్యను సైతము తాను సేకరించిన వస్తువులలో నొకదానిగ చూచువాడని ఆమెకు ఆలస్యముగ తెలియవచ్చును. ఈ నవలలోని 42వ ప్రకరణము సుప్రసిద్ధము. అందు బాహ్యముగ జరుగునది ఏమియు లేదు. ఒక స్త్రీ రాత్రియంతయు నిప్పుగూటి యెదుట కూర్చుండి తన గతమును తలపోసికొనును. అంతకుముందు తాను క్షణకాలము చూచిన దృశ్యము ఆమె మనస్సును కలచుచుండును: భర్త కుర్చీలో కూర్చుండియుండగా, ఆతని స్నేహితురాలు ఎదుట నిలిచియుండి, ఇరువురును మాటలాడక ఒకరినొకరు చూచుకొనుచుండిరి. అది ఒక చిత్రపటమువంటి దృశ్యము. ఆ పటమున ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలిచియున్నారు అను చిన్నవిషయమునుండి ఆమె జీవితరహస్యమంతయు బయటపడుటకు ఆరంభమగును. చూచుట యనునదియే సాహసకార్యము కాగలదని జేమ్సు ఇచ్చట నిరూపించెను.

చిత్రకారులు దూరపువస్తువులను చిన్నవిగను, దగ్గఱివానిని పెద్దవిగను గీయుదురు. అట్లు గీయుటకు చిత్రకారుడు ఎచ్చటనో ఒకచోట నిలువవలెను. నిలిచిన చోటు మాఱినయెడల గీతలన్నియు మాఱును. అన్ని చోట్లను ఒకేసారి నిలుచుటకు వానికి వీలులేదు. ప్రాచీనకథకులైననో సర్వజ్ఞులవలె ప్రతిపాత్ర హృదయములోనికిని ప్రవేశించి, జరిగినదియు జరుగబోవునదియు తామే చెప్పివేయుదురు. జేమ్సు కథకుని ఆ సింహాసనమునుండి దింపెను. ఒక పాత్రను ఎన్నుకొని, ఆ పాత్ర కంటికి కనబడినదియు, బుద్ధికి తోచినదియు మాత్రమే పాఠకునకు చూపవలెనని నియమము పెట్టుకొనెను. పాత్ర పొరబడినచో పాఠకుడును పొరబడును. పాత్రకు కన్ను తెఱచినపుడు పాఠకునకును కన్ను తెఱచును. 1884లో ప్రకటించిన నవలాకళను గూర్చిన వ్యాసమున, చిత్రలేఖనమువలెనే నవలయు గౌరవార్హమైన కళ యని ఆతడు వాదించెను. నవల కాలక్షేపమునకు మాత్రమే అని పెక్కుమంది తలచుచుండిన దినములవి.

కళ జీవితమునకు నకలు కాదని తెలుపుటకు 1892లో ఆతడు చక్కని కథ నొకదానిని వ్రాసెను. పుస్తకములకు బొమ్మలు గీయు చిత్రకారుని వద్దకు చితికిపోయిన గొప్పకుటుంబపు దంపతులు వచ్చి, పెద్దమనుష్యుల బొమ్మలకు తమ్మే చూచి గీయుమని వేడుకొందురు. వారు నిజముగ పెద్దమనుష్యులే. కాని వారిని చూచి గీసిన బొమ్మలు కొయ్యబారిపోవును. సామాన్యురాలైన పనిపిల్లయు, వీధులవెంట తిరుగు ఇటలీ యువకుడును అదే వేషము ధరించిన బొమ్మకు ప్రాణము వచ్చును. తుదకు ఆ దంపతులు చిత్రకారుని గిన్నెలు కడిగియైనను అచ్చట నిలువజూతురు. నిజమైనదానిని ఎదుట నిలిపినంతమాత్రమున సత్యము లభింపదనుట కథలోని నీతి. ఐనను ఆ దంపతుల దైన్యము పాఠకుని హృదయమున చిరకాలము నిలుచును.

ఇంత కీర్తి గడించినను గ్రంథముల విక్రయము తగ్గుచు వచ్చెను. జేమ్సు నాటకములవలన ధనమును జనాదరణమును పొందగోరెను. గై డామ్‌విల్ అను నాటకము 1895వ సంవత్సరము జనవరి 5వ తేదీన లండనులో ప్రదర్శితమయ్యెను. ఆతడు భయముచే ఆ ప్రదర్శనమునకు పోక, మఱియొక నాటకశాలలో ఆస్కార్ వైల్డు నాటకమును చూచుచు కాలము గడపి, తన నాటకము ముగియువేళకు తిరిగివచ్చెను. లోపల జరిగినది తెలియని ఆతనిని రంగస్థలముపైకి కొనిరాగా, పైయంతస్తుల ప్రేక్షకులు కేకలు వేసి అవమానించిరి. అపుడాతని వయస్సు 51 ఏండ్లు. ఐదేండ్ల శ్రమ ఒక్కరాత్రి మట్టిపాలయ్యెను. కొలదిదినములకే ఆతడు తన నవలల పనికి మరల కూర్చుండెను. అంతేకాదు, ఓడిన నాటకరచననుండి ఒక పాఠమును సంగ్రహించెను: వర్ణించి చెప్పుటకంటె దృశ్యములుగ విభజించి పాఠకునకు చూపుటయే మేలు. తరువాతి నవలలన్నియు ఆ పద్ధతిని నడచినవే.

1897లో వెలువడిన మెయిసీ యెఱిగినది అను నవల ఆ ఫలములలో ఒకటి. తల్లిదండ్రులు విడిపోగా, ఆఱునెలలు తండ్రియొద్దను ఆఱునెలలు తల్లియొద్దను ఉండవలసిన చిన్నబాలిక అందలి నాయిక. పెద్దల కల్మషము ఆమెకు అర్థము కాదు. కాని అంతయు ఆమె కంటబడును. బాలికకు తెలియని దానిని ఆమె కన్నులద్వారమునే పాఠకుడు తెలిసికొనును. పెద్దలు తమ వైరమున బిడ్డను బంతివలె ఆడుకొనుటను ఇంతకంటె తీవ్రముగ ఖండించిన గ్రంథములు అరుదు. ఐనను ఇందు ఖండనవాక్యము వెదకినను దొరకదు. 1898లో వచ్చిన ది టర్న్ ఆఫ్ ది స్క్రూ అను భూతకథలో బిడ్డలను పెంచు ఉపాధ్యాయిని చెప్పినదే మనకు ఆధారము. ఆమె చూచినవి దయ్యములా, ఆమె మనస్సు కల్పించిన రూపములా యని పండితులు పెక్కేండ్లుగ వాదించుచునే యున్నారు.

ఆ దినములలోనే ఆతడు లండనును విడిచి, సముద్రతీరమునకు సమీపముననున్న రై అను చిన్నపట్టణమున లాంబుహౌసు అను ఇంట స్థిరపడెను. చేతిమణికట్టు నొప్పిచే స్వయముగ వ్రాయజాలక, గదిలో అటునిటు నడచుచు చెప్పుచుండగా లేఖకుడు టైపుయంత్రముపై కొట్టుచుండెడివాడు. వాక్యములు క్రమముగ దీర్ఘములై, మెలికలు తిరిగినవి. ఇట్లు పుట్టినవే 1902లో పావురపు రెక్కలు, 1903లో రాయబారులు, 1904లో బంగారుగిన్నె అను అర్థములుగల మూడు మహానవలలు.

రాయబారులను నవలలో చిత్రకళయు కథాదృష్టియు ఏకమైనవి. వయస్సు మీఱిన లాంబర్టు స్ట్రెదరు, పారిసున మోహమున చిక్కెనని తలచబడిన యువకుని ఇంటికి పిలుచుకొనివచ్చుటకై అమెరికానుండి రాయబారిగ పోవును. అచ్చటి అందమును, యువకునిలో కలిగిన సంస్కారమును చూచి, తాను వచ్చినపనికే ఎదురుతిరుగును. కథాంతమున ఒకనాడు ఒంటరిగ పల్లెటూరికి పోవును. పూర్వము బోస్టను నగరమున లాంబినే అను చిత్రకారుని ప్రకృతిచిత్రమును చూచి, వెల చెల్లింపజాలక కొనలేకపోయిన సంగతి ఆతనికి జ్ఞప్తికి వచ్చును. ఆ పటములోని చెట్లు, నది, ఆకాశము ఇపుడు నిజముగ తనచుట్టును కనబడును. దినమంతయు ఆ పటపు చట్టములోపలనే తిరుగుచున్నట్లు ఆనందించును. సాయంకాలము నదిమలుపున ఒక పడవ వచ్చును. అందు ఒక పురుషుడును ఒక స్త్రీయు నుందురు. పటమునకు ఇట్టి పడవయే కావలసియుండెనని ఆతడు సంతోషించును. పడవ దగ్గఱకు రాగా వారు తాను నిర్దోషులని నమ్మిన ఆ యువకుడును, ఆతని ప్రియురాలును. అందమైన పటమును చూచుచుండినవాని కంటికి సత్యము అట్లు తగిలినది. ప్రకృతిచిత్రమును చూపి మానవహృదయమును ఇంతగ కలచిన ఘట్టము నవలాసాహిత్యమున అరుదు.

పావురపు రెక్కలను నవలలో క్షయవంటి ప్రాణాంతకవ్యాధిచే కృశించు ధనికయువతి మిల్లీ థీలు, ఒక గొప్పవారి భవనమున ఇటలీ చిత్రకారుడు బ్రోంజీనో వ్రాసిన ప్రాచీనచిత్తరువు ఎదుట నిలుచును. అందలి రాజవంశపు స్త్రీ తనను పోలియున్నదని అందఱును మెచ్చుకొందురు. మిల్లీకి మాత్రము ఆ స్త్రీ మృతురాలను సంగతియే తోచి, కన్నీరు వచ్చును. ముప్పదిరెండేండ్లక్రిందట మరణించిన మిన్నీ టెంపిలునకు ఆతడు సమర్పించిన అంజలి ఈ మిల్లీ.

1904లో ఆతడు ఇరువదియేండ్ల పిమ్మట అమెరికాకు పోయెను. 1876లో పారిసున ఇంప్రెషనిస్టు చిత్రకారుల ప్రదర్శనమును చూచి తేలికగ త్రోసిపుచ్చిన విమర్శకుడు ఆతడే. ఇపుడు కనెక్టికటు రాష్ట్రమున ఒక గృహమున మానె, డెగా, మొనే చిత్రములను చూచి, వాని శోభకు తలయొగ్గెను. తన చూపును సైతము దిద్దుకొనగలవాడే నిజమైన చూపరి. 1907 మొదలు 1909 వఱకు తన గ్రంథములను సవరించి, పీఠికలు వ్రాసి, 24 సంపుటములుగ ప్రకటించెను. నవలారచనారహస్యములకు ఆ పీఠికలు నిధులు. కాని ఆ సంపుటములను కొన్నవారు బహుకొద్దిమంది. ఆ నిరాశచే ఆతడు వ్యాధిగ్రస్తుడయ్యెను. 1910లో అన్న విలియం మరణము మఱియొక దెబ్బ.

ఐనను మిత్రుల యాదరము ఆతనికి లోటు కాలేదు. 1913లో ఆతని డెబ్బదవ జన్మదినమునకు రెండువందలకు పైగా మిత్రులు చందాలిచ్చి, జాన్ సింగర్ సార్జెంటుచే చిత్తరువు వ్రాయించిరి. మఱుసటియేట అది ప్రదర్శనములో నుండగా, స్త్రీలకు వోటుహక్కు కోరి పోరాడుచుండిన యొకామె దానిని కత్తితో నఱకెను. పటమును బాగుచేసిరి. అది లండనులోని జాతీయ చిత్తరువుశాలకు చేరినది.

1914లో మహాయుద్ధము వచ్చెను. యౌవనమున యుద్ధమునకు దూరముగ నిలిచిన చూపరి, డెబ్బదియొకటవయేట ఆ కొఱతను తీర్చుకొనెను. బెల్జియమునుండి పాఱిపోయివచ్చిన నిరాశ్రయులకు సాయపడెను. లండను ఆసుపత్రులకు పోయి గాయపడిన సైనికుల పడకలప్రక్క కూర్చుండెను. అమెరికా యువకులు ఫ్రాన్సున నడపిన అంబులెన్సు దళమునకు అధ్యక్షుడై విరాళములకై వ్రాసెను. చదువురాని సిపాయికి ఈయన వాక్యములు అర్థమై యుండవు. కాని వినుటకు ఓపిక కల చెవి, చూచుటకు దయకల కన్ను అర్థమగుటకు చదువు అక్కఱలేదు. 1915 జులైలో ఆతడు బ్రిటిషు పౌరుడయ్యెను. ఆ డిసెంబరులో పక్షవాతము సోకెను. స్మృతి తప్పినవేళల ఆతని చేయి దుప్పటిపై వ్రాయుచున్నట్లు కదలుచుండెడిది. ఒకనాడు తాను నెపోలియను చక్రవర్తినని భావించి, లూవ్రు భవనమందలి గదుల అలంకరణమును గూర్చి ఉత్తరువు చెప్పి వ్రాయించెను. బాల్యమున చూచిన శాల తుదివఱకు ఆతని కన్నులలోనుండి పోలేదు. 1916 ఫిబ్రవరి 28వ తేదీన లండనులో మరణించెను. ఆతని చితాభస్మమును వదినగారు అమెరికాకు కొనిపోయి, కుటుంబపు సమాధులచెంత నుంచిరి.

బ్రతికియుండగా చదువరులు లేక చింతించిన ఆతనికి మరణానంతరము పండితులు బ్రహ్మరథము పట్టిరి. 1921లో పెర్సీ లబ్బకు ఆతని పద్ధతినే ప్రమాణముగ గొని నవలాశిల్పమును గూర్చి గ్రంథము వ్రాసెను. 1934లో ఆ పీఠికలు ప్రత్యేకగ్రంథముగ వెలువడెను. లియాన్ ఎడెల్ 1953 మొదలు 1972 వఱకు ఐదు సంపుటముల జీవితచరిత్రమును రచించెను. 1970లో వయోలా హాప్కిన్సు విన్నరు ఆతని రచనలకును చిత్రకళకును గల సంబంధమును సమగ్రముగ పరిశీలించెను. 1976లో వెస్ట్‌మినిస్టరు దేవాలయమున కవుల మూలలో ఆతని స్మారకశిలను ఉంచిరి.

విద్యార్థులారా, జేమ్సు నవలలు సులభములు కావు. వాని వాక్యములు ఓర్పును కోరును. ఇప్పుడు చదివి విసుగు కలిగినచో మూసివేసి, కొన్నియేండ్ల తరువాత మరల తెఱువుడు. కాని ఆతని జీవితమునుండి గ్రహింపవలసినది ఇపుడే గ్రహింపవచ్చును. తనకు లేని శక్తికై ఆతడు విలపింపలేదు. ఉన్న శక్తిని పదునుపెట్టెను. ఒక మనుష్యుని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, ఆ మనుష్యుడు నిలిచిన చోట నిలిచి ఒకసారి లోకమును చూడవలెనని ఆతని నవలలన్నియు బోధించుచున్నవి. తరగతిలో వెనుకబల్లపై కూర్చున్న బాలునకు నల్లబల్ల ఎట్లు కనబడునో ముందుబల్లవానికి తెలియదు. లేచి పోయి అచ్చట కూర్చుండి చూచినగాని తెలియదు.